తంతిలేని వార్తకు ప్రాణమిచ్చిన వీరవనిత : నూర్ ఇనాయత్ ఖాన్

మానవుడు కనుగొన్న సాధనాలలో వైర్‌లెస్ ఒక విచిత్రమైన సాధనం. చేతికిచ్చి పంపిన ఉత్తరం ఒకరి వద్దకే పోతుంది. తీగ మీద పంపిన తంతివార్త ఆ తీగ పోయినంత దూరమే పోతుంది. ఆకాశంలోనికి వదలిన సంకేతానికి మాత్రం అటువంటి ఎల్లలు లేవు. మిత్రుని చెవికి చేరే ఆ సంకేతం శత్రువు చెవికి కూడా చేరుతుంది. 1939 నుండి 1945 వరకు జరిగిన రెండవ ప్రపంచ యుద్ధంలో ఈ ఒక్క సత్యం ఆధారంగా ఫిరంగుల చప్పుడు లేని మరొక యుద్ధం కూడ నడిచింది. ఒక పక్షంవారు చాటుగా ప్రసారం చేయడం, ఎదుటి పక్షంవారు రాత్రింబవళ్ళు చెవులు రిక్కించి వినడం, విన్నదానిని విప్పి చదవడం, ప్రసారం చేసినవారిని వెదకి పట్టుకోవడం, ఇదే ఆ యుద్ధం సాగిన తీరు.

ఆ యుద్ధంలో ముప్పది ఏళ్ళ ప్రాయంలోనే ప్రాణాలర్పించిన యువతి నూరున్నీసా ఇనాయత్ ఖాన్. ఆమె తండ్రి మన హైదరాబాదులో వీణ మ్రోగించి, ఈ నగరంలోనే ఒక పీరు సన్నిధిలో శిష్యరికం చేసినవారు. ఆమె పూర్వులలో మైసూరు పులి టిప్పు సుల్తాన్ ఉన్నారు. అందువల్ల ఆమె కథ జరిగింది దూరదేశాలలోనే అయినా, దాని వేళ్ళలో ఒకటి మన నేలలో ఉన్నది.

వంశము - హైదరాబాదు సంబంధము

నూర్ తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ 1882లో బరోడా నగరంలో జన్మించారు. వారి మాతామహులు మౌలా బఖ్ష్ బరోడా సంస్థానంలో సంగీత పాఠశాలను స్థాపించిన మహావిద్వాంసులు. మౌలా బఖ్ష్ భార్య టిప్పు సుల్తాన్ వంశానికి చెందినవారు. సంగీతము, రాజవంశ స్మృతి రెండూ ఈ విధంగా ఒకే ఇంట కలిశాయి.

ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఇనాయత్ ఖాన్ హైదరాబాదుకు వచ్చి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ సమక్షంలో గానం చేసి మెప్పు పొందారు. అయితే వారి జీవితాన్ని మలుపు త్రిప్పినది దర్బారు సన్మానం కాదు. ఈ నగరంలోనే చిష్తీ సంప్రదాయానికి చెందిన సయ్యద్ అబూ హాషిం మదనీగారిని దర్శించి వారికి మురీదు అయ్యారు. 1907లో మదనీగారు పరమపదించారు. తూర్పు పడమరలను సంగీతంతో కలుపవలసిందిగా గురువు ఇచ్చిన ఆదేశాన్ని తలదాల్చి, ఇనాయత్ ఖాన్ 1910 సెప్టెంబరు 13న బొంబాయి రేవులో ఓడ ఎక్కి అమెరికాకు వెళ్ళారు. అక్కడ పరిచయమైన ఓరా రే బేకర్ అనే అమెరికన్ యువతి తరువాత వారిని వివాహమాడి అమీనా బేగం అయింది.

ఈ దంపతులకు తొలి సంతానంగా నూర్ 1914 జనవరి 1న మాస్కోలో జన్మించింది. నూరున్నీసా అంటే స్త్రీలలో వెలుగు అని అర్థం. ఆ సంవత్సరమే మొదటి ప్రపంచ యుద్ధం రాగా కుటుంబం లండనుకు తరలింది. అక్కడ తమ్ముళ్ళు విలాయత్, హిదాయత్, చెల్లెలు ఖైరున్నీసా జన్మించారు. 1920లో ఫ్రాన్సు దేశానికి చేరి, ప్యారిస్ చెంత సురేన్ అనే ఊరిలో స్థిరపడ్డారు. ఒక శిష్యురాలు సమర్పించిన ఆ ఇంటికి ఫజల్ మంజిల్ అని పేరు పెట్టారు.

బాల్యము - విద్య

ఫజల్ మంజిల్‌లో ఉదయం సంగీతంతో మొదలై సాయంత్రం ప్రార్థనతో ముగిసేది. హింస పాపమని, అన్ని మతాల సారం ఒక్కటేనని ఆ పిల్లలు మాటలతో పాటే నేర్చుకొన్నారు. 1926లో ఇనాయత్ ఖాన్ స్వదేశానికి బయలుదేరి వచ్చి, 1927 ఫిబ్రవరి 5న ఢిల్లీలో కన్నుమూశారు. హజ్రత్ నిజాముద్దీన్ దర్గాకు సమీపంలో వారి సమాధి ఉన్నది. ఆనాటికి నూర్ వయస్సు పదమూడు సంవత్సరాలు. భర్త మరణంతో తల్లి దుఃఖంలో మునిగి లోకంతో మాట మానుకొన్నంత పని అయింది. తమ్ముళ్ళకు, చెల్లెలికి నూరే తల్లి అయింది. భయమెరుగని స్వభావం వలన ఆమెకు ధైర్యం వచ్చిందని అనుకోరాదు. ఆమె స్వతహాగా బిడియస్తురాలు, సున్నిత మనస్కురాలు. బాధ్యత మీద పడినప్పుడు దానిని దించుకోకుండా మోయడం మాత్రం ఆ చిన్ననాడే అలవడింది.

పెద్దదైన తరువాత సోర్బాన్ విశ్వవిద్యాలయంలో శిశుమనస్తత్వ శాస్త్రం చదివింది. నాదియా బౌలాంజే అనే ప్రఖ్యాత సంగీతాచార్యురాలి వద్ద పాశ్చాత్య సంగీతం అభ్యసించింది. హార్ప్, వీణ, పియానో మూడూ వాయించేది. పిల్లల కోసం ఆమె వ్రాసిన కథలు ఫ్రెంచి పత్రికలలో, రేడియోలో వచ్చేవి. 1939లో బౌద్ధ జాతక కథలలో ఇరువదింటిని ఆంగ్లంలో తిరిగి చెప్పి లండనులో గ్రంథంగా ప్రకటించింది. అందులో ఒక వానరరాజు కథ ఉన్నది. తన ప్రజ శత్రువుల బాణాలకు చిక్కినప్పుడు ఆ వానరరాజు తన శరీరాన్నే వంతెనగా పరచి, అందరినీ తన మీదుగా దాటించి, చివరకు తాను ప్రాణం విడుస్తాడు. పసిపిల్లల కోసం ఆ కథను చెప్పిన చేతికే కొద్ది సంవత్సరాలలో అటువంటి పని ఎదురు కాబోతున్నదని నాడు ఎవరు ఊహించగలరు?

యుద్ధము - నిర్ణయము

1940 జూన్‌లో జర్మన్ సైన్యం ప్యారిస్‌ను ఆక్రమించింది. ఖాన్ కుటుంబం బోర్డో రేవు మీదుగా ఇంగ్లండు చేరుకొన్నది. అహింసలో పెరిగిన అక్కాతమ్ముళ్ళ ముందు పెద్ద ధర్మసందేహం నిలిచింది. అమాయకులను గుంపులుగా చంపుతున్న శక్తిని చూస్తూ ఊరుకోవడం అహింస అవుతుందా? ఇతరుల ప్రాణం తీసే పని కాకుండా, అపాయంలో మాత్రం ఎవరికీ తీసిపోని పనిని ఎన్నుకోవాలని నూర్, విలాయత్ నిశ్చయించుకొన్నారు. విలాయత్ నౌకాదళంలో సముద్రపు మందుపాతరలు తొలగించే ఓడలలో పనిచేశాడు. నూర్ 1940 నవంబరు 19న వైమానిక దళపు మహిళా సహాయక విభాగంలో చేరింది. అక్కడ ఆమెకు వైర్‌లెస్ ఆపరేటరు శిక్షణ ఇచ్చారు.

ఇచ్చట ఒక విషయం తప్పక చెప్పుకోవాలి. అధికారి పదవి కోసం జరిగిన ఒక ఇంటర్వ్యూలో భారత స్వాతంత్ర్యాన్ని గురించి ప్రశ్న వచ్చినప్పుడు, తాను భారతదేశపు స్వాతంత్ర్యాన్ని కోరుతున్నానని ఆమె దాచకుండా చెప్పింది. యుద్ధకాలంలో బ్రిటిష్ సేనాధికారుల ఎదుట అటువంటి మాట చెప్పడం ఉద్యోగానికి మేలు చేసేది కాదు. అయినా ఆమె అబద్ధం చెప్పలేదు. ఫాసిజాన్ని ఎదిరించడం, సామ్రాజ్యవాదాన్ని కాదనడం ఆమె మనస్సులో ఒకదానికొకటి విరుద్ధం కాలేదు.

ఫ్రెంచి భాష మాతృభాషలా మాట్లాడగలిగి, వైర్‌లెస్ తెలిసినవారు ఆనాడు అరుదు. శత్రువు ఆక్రమించిన దేశాలలో ప్రతిఘటనను కూడగట్టడానికి 1940లో ఏర్పడిన స్పెషల్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్ అనే రహస్యసంస్థ దృష్టి ఆమెపై పడింది. 1942 నవంబరులో ఆ సంస్థ తరఫున నవలాకారుడు సెల్విన్ జెప్సన్ ఆమెను పరీక్షించాడు. పట్టుబడితే సైనికులకుండే రక్షణ ఉండదని, తిరిగి రాకపోవచ్చునని తెలిపాడు. ఆమె వెంటనే అంగీకరించింది. తల్లి ఏమవుతుందోనన్నదే ఆమెకున్న చింత.

శిక్షకుల అభిప్రాయాలు ఒక్క తీరుగా లేవు. ఈమె మరీ సున్నితురాలని, అబద్ధమాడలేదని, గూఢచర్యానికి తగదని కొందరు వ్రాశారు. ఫ్రాన్సు విభాగాధిపతి మారిస్ బక్‌మాస్టర్ ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చాడు. రహస్యలిపి విభాగానికి పెద్ద అయిన లియో మార్క్స్ ఆమెకు పాఠం చెప్పే ముందు ఆమె వ్రాసిన జాతక కథల పుస్తకం చదివినట్లు తన జ్ఞాపకాలలో తెలిపాడు.

వినేవారు - వెదికేవారు

నూర్ చేసిన పని ఎంత అపాయకరమో తెలియాలంటే ఆనాటి వైర్‌లెస్ నిఘా ఏ విధంగా జరిగేదో కొంత తెలుసుకోవాలి.

ఇంగ్లండులో ఈ పనికి సైనికులనే గాక సామాన్య పౌరులను కూడా వినియోగించారు. వైర్‌లెస్ సరదాగా నేర్చుకొన్న గుమాస్తాలు, ఉపాధ్యాయులు, దుకాణదారులు దాదాపు 1500 మంది రేడియో సెక్యూరిటీ సర్వీసు అనే శాఖకు స్వచ్ఛందంగా తోడ్పడ్డారు. పగలు తమ ఉద్యోగం చేసుకొని, రాత్రివేళ ఇంట ఒక మూల కూర్చుండి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని శత్రు ప్రసారాలను వినేవారు. వినిన అక్షరాలను కాగితం మీద వ్రాసి, లండను చెంత బార్నెట్‌లోని ఒక పోస్టుబాక్సుకు పంపేవారు. ఆ అక్షరాల అర్థం వారికి తెలియదు. ఇంట్లోవారికి సైతం ఆ పని ఏమిటో చెప్పరాదు. వారు పంపిన చీటీలు చివరకు బ్లెచ్లీ పార్కులోని రహస్యలిపి నిపుణులకు చేరేవి.

జర్మనులు కూడ ఈ విద్యలో ఆరితేరినవారే. ముందుగా దూరదూరాన ఉన్న వినికిడి కేంద్రాలు ఒక కొత్త ప్రసారాన్ని పసిగట్టేవి. ఒక్కొక్క కేంద్రం అది ఏ దిక్కునుండి వస్తున్నదో కొలిచి, పటం మీద ఒక గీత గీసేది. రెండు మూడు కేంద్రాల గీతలు కలిసిన చోటు ప్రసారం జరిగే ప్రాంతమన్నమాట. పిమ్మట యంత్రాలు అమర్చిన మోటారు వాహనాలు ఆ ప్రాంతానికి వచ్చి అదే కొలత దగ్గరినుండి కొలిచేవి. వీధి తెలిసిన తరువాత, కోటు లోపల చిన్న రిసీవరు దాచుకొన్న మనుష్యులు బాటసారులవలె నడుస్తూ ఇంటిని గుర్తించేవారు. ఒక్కొక్కసారి పేట పేటకు కరెంటు ఆపి చూసేవారు. ఏ పేటకు కరెంటు ఆపినప్పుడు ప్రసారం ఆగితే ఆ పేటలోనే ఆపరేటరు ఉన్నట్లు.

ఈ వలను తప్పించుకొనడానికి ఆపరేటరుకు కొద్ది నిమిషాలే గడువు. ఇరువది నిమిషాలకు మించి మీట నొక్కితే ప్రాణాపాయం. ఒకే ఇంటినుండి మరల మరల ప్రసారం చేయరాదు. సెట్టు పెట్టె బరువు సుమారు 15 కిలోలు. పైగా చాలా మీటర్ల పొడవున ఏరియల్ తీగ కట్టవలసి ఉండేది. ఆ పెట్టెతో వీధిలో ఒక్క తనిఖీకి చిక్కితే చాలు. అందుచేతనే ఆక్రమిత ఫ్రాన్సులో రహస్య ఆపరేటరు ఆయుర్దాయం సగటున ఆరు వారాలని సంస్థలో లెక్క వేసుకొనేవారు.

ప్యారిస్ నగరంలో

1943 జూన్ 16వ తేదీ రాత్రి లైసాండర్ అనే చిన్న విమానం నూర్‌ను ఫ్రాన్సులో ఒక పొలంలో దింపింది. ఆ సంస్థ ఫ్రాన్సుకు పంపిన మొదటి మహిళా వైర్‌లెస్ ఆపరేటరు ఆమెయే. సంకేత నామం మాడెలీన్. దొంగ కాగితాలలో పేరు జాన్ మారీ రెనియే, వృత్తి పిల్లల ఆయా.

ఆమె చేరవలసిన దళం ప్రాస్పర్ అనే పెద్ద వలయంలో ఒక భాగం. ఆమె దిగిన పదిరోజులలోనే ఆ వలయం కుప్పకూలింది. నాయకుడు ఫ్రాన్సిస్ సటిల్, అతని ఆపరేటరు, వార్తాహరురాలు జూన్ 24 ప్రాంతంలో పట్టుబడ్డారు. వందలాది మంది అరెస్టయ్యారు. నూర్ తొలి ప్రసారాలు చేసిన గ్రిన్యోన్ వ్యవసాయ విద్యాలయం మీద కూడా జర్మనులు దాడి చేశారు. తిరిగి రమ్మని లండను నుండి సూచన వచ్చింది. ఆమె వెళ్ళడానికి ఇష్టపడలేదు. తాను కూడ వెళ్ళిపోతే ప్యారిస్‌లో మిగిలిన సహచరులకు లండనుతో మాట కలిపేవారు ఉండరని, తనకు బదులు మరొకరు వచ్చేవరకు ఉంటానని తెలిపింది. వానరరాజు కథ ఇక్కడ తలపుకు రాక మానదు.

తరువాతి మూడున్నర నెలలు ఆమె నివసించిన విధం ఒక వేట కథ వంటిది. జుట్టు రంగు మార్చింది, ఇళ్ళు మార్చింది, వీధులు మార్చింది. బాల్యంలో తెలిసిన స్నేహితులు, సంగీతోపాధ్యాయులు, ఇరుగుపొరుగువారు ఆమెకు ఆశ్రయమిచ్చారు. ఒక ఇంట ఏరియల్ తీగను చెట్టుకు కట్టడానికి అవస్థ పడుతుండగా, పక్కనే బస చేసిన జర్మన్ అధికారి ఒకడు రేడియో వినడం కోసమే కాబోలునని భ్రమించి తానే సాయపడి కట్టిపెట్టాడని ఆమె జీవిత చరిత్రకారులు చెబుతారు.

ఆమె పంపిన వార్తలను ఇంగ్లండులోని గ్రెండన్ కేంద్రంలో యువతులు వినేవారు. ఒక్కొక్క ఆపరేటరు మీట నొక్కే తీరు ఒక్కొక్క విధంగా ఉంటుంది. చేతివ్రాత వంటిదే ఈ చేతి లయ కూడ. నూర్ చేయి కొంచెం బరువైనది. శిక్షణలో తోటివారు దానిని గురించి హాస్యమాడేవారు. మైళ్ళ దూరాన ముఖం చూడని ఆ వినే యువతులకు ఆ లయే ఆమె క్షేమ సమాచారం.

ద్రోహము - చెర

జర్మన్ యంత్రాలు ఆమె జాడను దాదాపు చేరుకొన్నవి గాని ఆమెను పట్టుకోలేకపోయినవి. చివరకు పట్టి ఇచ్చినది మానవ ద్రోహం. లండనుకు తిరిగి తీసుకొనిపోయే ఏర్పాట్లు జరుగుతున్న సమయంలోనే, 1943 అక్టోబరు మధ్యలో, ఎవరో ఆమె చిరునామాను డబ్బుకు అమ్మారు. గదిలో కాపు వేసి ఉన్న గూఢచారి పోలీసు ఆమెను పట్టుకొన్నప్పుడు, ఆ సుకుమారి ఆడపులివలె తిరగబడింది. బలగం వస్తే గాని ఆమె లొంగలేదు.

జర్మనులకు ఆమెతో పాటు ఒక నోటుపుస్తకం చిక్కింది. అందులో ఆమె పంపిన, అందుకొన్న వార్తల ప్రతులన్నీ వరుసగా వ్రాసి ఉన్నవి. రహస్య ఆపరేటరు ఇటువంటి ప్రతులు దాచరాదు. పంపిన వార్తల వరుస సంఖ్యలను గూర్చి ఇచ్చిన ఒక ఆదేశాన్ని ఆమె ప్రతులు భద్రపరచమని అర్థం చేసుకొన్నదని చరిత్రకారులు భావిస్తారు. కారణమేదైనా, ఇది పెద్ద పొరపాటు. ఆమె వీరత్వాన్ని కీర్తించేటప్పుడు ఈ పొరపాటును దాచడం న్యాయం కాదు. నిజం చెప్పుకోవడం వలన ఆమె గౌరవం తరగదు.

ప్యారిస్‌లోని 84, అవెన్యూ ఫోష్ భవనంలో ఆమెను నిర్బంధించారు. చేరిన రోజుననే స్నానపు గది కిటికీ గుండా పారిపోవడానికి యత్నించి పట్టుబడింది. నవంబరు 25న తోటి ఖైదీలు జాన్ స్టార్, కర్నల్ లియోన్ ఫే గార్లతో కలిసి ఇంటి కప్పు మీదుగా మరల తప్పించుకొన్నది. దురదృష్టవశాత్తు అదే సమయంలో విమాన దాడి హెచ్చరిక మ్రోగి, ఖైదీలను లెక్కించగా విషయం బయటపడింది. ముగ్గురూ తిరిగి చిక్కారు. ఇకముందు పారిపోనని మాట వ్రాసి ఇవ్వమంటే నూర్ నిరాకరించింది. అబద్ధపు మాట ఇచ్చి తప్పించుకొనే సౌలభ్యాన్ని కూడ ఆమె వాడుకోలేదు. ఆమె నుండి తమకు పనికివచ్చే సమాచారం రాలేదని ఆ భవనపు అధికారి కీఫర్ యుద్ధానంతరం బ్రిటిష్ విచారణలో ఒప్పుకొన్నాడు.

దొంగ లయ - వినని చెవులు

ఈ కథలో అన్నిటికన్నా బాధాకరమైన భాగం ఇదే. నూర్ చెరలో ఉన్నది. ఆమె పేరు మీద ప్రసారాలు మాత్రం ఆగలేదు. గేట్జ్ అనే జర్మన్ అధికారి ఆధ్వర్యంలో, చిక్కిన సెట్టును, నోటుపుస్తకంలోని వార్తల పద్ధతిని ఆధారం చేసుకొని, మాడెలీన్ పంపినట్లే లండనుకు వార్తలు పంపసాగారు. జర్మనులు దీనిని రేడియో ఆట అని పిలిచేవారు.

ఇటువంటి మోసాన్ని కనిపెట్టడానికే ప్రతి ఆపరేటరుకు రహస్య గుర్తులు నేర్పి పంపేవారు. పట్టుబడితే ఒక నిర్ణీత సంఖ్యను వాడి తెలియజేయవలసిందిగా తాను నూర్‌కు చెప్పానని, ఆ సంఖ్య ఆమె పేరు మీద వచ్చిన వార్తలో కనబడిందని, తాను హెచ్చరించానని లియో మార్క్స్ వ్రాశాడు. ఆ అక్టోబరులోనే స్విట్జర్లండు మార్గంగా ఆమెకు ఆపద కలిగినదన్న కబురు కూడ అందింది. పంపినవారు తమకు తెలిసినవారు కారని దానిని పక్కన పెట్టారు. ఆపరేటరు క్షేమంగా ఉండాలన్న కోరిక, పని ఆగకూడదన్న ఆతురత, పైవారి చెవులను మూసివేశాయి. వినపడిన అక్షరాలు కాగితం మీద ఉన్నాయి. వాటిలోని కేక మాత్రం వినబడలేదు.

ఇది ఒక్క ఫ్రాన్సులోనే జరిగిన పొరపాటు కాదు. హాలండులో లావర్స్ అనే ఆపరేటరు 1942లో పట్టుబడి, జర్మనుల బలవంతంపై ప్రసారం చేస్తూ తన రక్షణ గుర్తును కావాలనే వదలివేశాడు. లండనులో ఎవరూ పట్టించుకోలేదు. ఆ దేశంలో సుమారు ఏబది మంది ఏజెంట్లు ఒకరి వెంట ఒకరు నేరుగా శత్రువు చేతులలోనికి దిగారు.

నూర్ పేరు మీద నడచిన ఆట ఫలితం 1944 ఫిబ్రవరి చివరలో కనిపించింది. దొంగ వార్తలను నమ్మి లండనువారు షార్త్ర్ పట్టణ ప్రాంతంలో ముగ్గురిని పారాషూట్లతో దించారు. నూర్‌కు ఆప్తుడైన ఫ్రాన్స్ ఆంతెల్మ్, ఆపరేటరు లయొనెల్ లీ, మాడెలీన్ దామెర్మాన్ అనే యువతి ఆ ముగ్గురు. పొలంలో దీపాలు పట్టుకొని వారి కోసం నిలుచున్నవారు గెస్టపో మనుష్యులు. ముగ్గురిలో ఒక్కరూ యుద్ధం ముగిసేవరకు బ్రతకలేదు.

అంతిమ ఘడియలు

1943 నవంబరు చివర నూర్‌ను జర్మనీలోని ఫోర్జైం చెరసాలకు తరలించారు. ఖైదీ జాడ లోకానికి తెలియకుండా మాయం చేసే రాత్రి-పొగమంచు అనే వర్గంలో ఆమెను చేర్చారు. చేతులకు, కాళ్ళకు సంకెళ్ళు వేసి పది నెలలు ఏకాంత ఖైదులో ఉంచారు. సంకేతాలు పంపడమే వృత్తిగా గలిగిన ఆమెకు అక్కడ సెట్టు లేదు, మీట లేదు. అయినా ఆమె మాట పంపడం మానలేదు. భోజనపు గిన్నె అడుగున అక్షరాలు గీకి, గిన్నెలు చేతులు మారేటప్పుడు తోటి ఫ్రెంచి ఖైదీ స్త్రీలకు తన ఉనికిని తెలియజేసింది. ఆమె జీవితంలో చివరి ప్రసారం అదే అనవచ్చును.

1944 సెప్టెంబరు 11న ఆమెను బయటకు తీసి, మరి ముగ్గురు స్త్రీ ఏజెంట్లతో రైలులో డాకౌ నిర్బంధ శిబిరానికి పంపారు. యోలాండ్ బీక్‌మన్, ఎలియాన్ ప్లూమన్, మాడెలీన్ దామెర్మాన్ ఆ ముగ్గురు. తన పేరుతో పంపిన దొంగ కబురును నమ్మి దిగిన దామెర్మాన్ పక్కనే నూర్ తన చివరి ప్రయాణం చేసింది. సెప్టెంబరు 13వ తేదీ ఉదయం నలుగురినీ కాల్చి చంపారు.

యుద్ధం ముగిసిన తరువాత కొంతకాలం ఆమె ఎక్కడ మరణించినదీ ఎవరికీ తెలియలేదు. వేరొక శిబిరంలో మరణించినదని మొదట పొరబడ్డారు. ఆమెను సాగనంపిన అధికారిణి వీరా అట్కిన్స్ జర్మనీ అంతటా తిరిగి, చెరసాల అధికారులను, కావలివారిని ప్రశ్నించి, నిజాన్ని కనుగొన్నది. సకాలంలో వినని సంస్థ తరఫున ఒక్క స్త్రీ ఆలస్యంగానైనా శ్రద్ధగా విన్న సందర్భమిది.

స్మృతి

ఫ్రాన్సు ప్రభుత్వం 1946లో నూర్‌కు క్రోయి ద గేర్ పతకమిచ్చింది. బ్రిటన్ 1949 ఏప్రిల్‌లో జార్జి క్రాస్ ప్రకటించింది. ఫ్రాన్సులో పనిచేసిన ఆ సంస్థ మహిళలలో ఈ పతకం పొందినవారు ముగ్గురే. 2012 నవంబరు 8న లండనులోని గోర్డన్ స్క్వేర్ ఉద్యానంలో ఆమె శిల్పాన్ని ఆవిష్కరించారు. 2014లో ఆమె శతజయంతి సంవత్సరాన బ్రిటిష్ తపాలాశాఖ ఆమె బొమ్మతో బిళ్ళ వెలువరించింది. 2020లో ఆమె నివసించిన టావిటన్ వీధి ఇంటిపై స్మారక ఫలకం అమర్చారు.

విద్యార్థి సోదర సోదరీమణులు ఈ జీవితం నుండి గ్రహించవలసినదేమి? బిడియము, సున్నితత్వము పిరికితనానికి గుర్తులు కావు. ధర్మం కోసం నిలబడడానికి కంఠం పెద్దది కానక్కరలేదు. ఇవి అందరూ చెప్పే మాటలే, నిజమైన మాటలే. మరొక్క విషయం కూడ ఈ కథలో ఇమిడి ఉన్నది. నూర్ జీవితంలో ఎందరో విన్నారు. శత్రువు పట్టుకొనడానికి విన్నాడు. రాత్రివేళ ఇళ్ళలో కూర్చున్న సామాన్యులు అర్థం తెలియకపోయినా కర్తవ్యబుద్ధితో విన్నారు. గ్రెండన్‌లోని యువతులు ఆప్యాయంగా విన్నారు. నిర్ణయం చేతిలో ఉన్నవారు మాత్రం తమకు ఇష్టమైనదే విన్నారు, అందుకు ఇతరులు మూల్యం చెల్లించారు. యంత్రం ఎంత గొప్పదైనా అది చెవి వరకే చేర్చగలదు. అక్కడినుండి మనస్సుకు చేర్చుకోవలసినది మనిషే. రేపు ఉపాధ్యాయులుగా, వైద్యులుగా, అధికారులుగా పెద్ద కుర్చీలలో కూర్చునే మన విద్యార్థులు, తమకు నచ్చని కబురు తెచ్చిన చిన్నవారి మాటను సైతం ఓపికతో ఆలకించే అలవాటు నేర్చుకొంటే, ఆ వీరవనితకు అర్పించగల శ్రద్ధాంజలి అంతకు మించినది ఉండదు.

హైదరాబాదులో ఒక గురువు తన శిష్యునికి తూర్పు పడమరలను కలుపుమని ఆదేశించారు. ఆ శిష్యుడు సంగీతంతో ఆ పని ప్రారంభించారు. ఆయన కుమార్తె మోర్స్ మీట పట్టి, తన ప్రాణాన్నే వంతెనగా పరచి దానిని పూర్తిచేసింది. స్త్రీలలో వెలుగు అన్న ఆ పేరు సార్థకమైంది.